కుక్కతో గుట్ట చుట్టూ నడక: విశాఖలో నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

విశాఖలో కుక్కలకు శిక్షణ ఇవ్వడం నా పని. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు నాలుగైదు కుక్కల్ని, వాటిని పెంచుకునేవాళ్లని వెంటేసుకుని భీమిలి అవతల ఒక దారిలో నడకకి తీసుకెళ్తుంటాను. చెరువు గట్టు మీద మొదలై, జీడితోటల పక్కగా ఒక గుట్టను చుట్టి మళ్లీ గట్టుకే చేరుతుంది. నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు పెద్దగా ఉండదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచే ఊరు మనది, ఇదో లెక్కా అనుకుంటారు చాలామంది. చిక్కంతా అక్కడే.

అపోహ: దారి మనకి తేలికైతే కుక్కకీ తేలికే.

కుక్కకి కాళ్ల నొప్పి కన్నా ఒంటి వేడే పెద్ద సమస్య. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. దానికి పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. నాలుక చాపి రొప్పుతుంటే, నోట్లో తడి ఆవిరయ్యేకొద్దీ వేడి బయటికి పోతుంది. గాలిలో తేమ 80 శాతం దాటిన ఉదయాలు మనకి మామూలే. దండెం మీద బట్టలే ఆరని గాలిలో కుక్క నాలుక మీద తడి మాత్రం ఎలా ఆరుతుంది?

ఒకసారి ఫిబ్రవరి చివర్లో కాస్త బొద్దుగా ఉండే ఓ లాబ్రడార్ వచ్చింది. మొదటి కిలోమీటరు అందరికన్నా ముందు అదే. రెండో కిలోమీటరులో వెనకబడింది. ప్రతి జీడిచెట్టు నీడలోనూ ఆగుతోంది. దాన్ని పెంచుకునే ఆయన "మొండికేస్తోందండీ" అని తాడు లాగుతున్నాడు. నేను దాని నోరు చూశాను. నాలుక కొస గరిటెలా వెడల్పై వేలాడుతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. అక్కడే పడుకోబెట్టి పొట్ట కింద, తొడల సందుల్లో, పాదాల మీద నీళ్లు పోసి తువ్వాలుతో విసిరాం. పావుగంటకి రొప్పు తగ్గింది. నడిపించకుండా మోసుకొచ్చి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కుక్కకి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. 41కి చేరిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ఆ సమయంలో ఐసు కోసం ఊరంతా వెతకొద్దు, చేతిలో ఉన్న నీళ్లే పోయండి. తడి తువ్వాలు కప్పి వదిలేసినా తప్పే. వేడి లోపలే ఉండిపోతుంది.

చుట్టు దారిలో ఇంకో మెలిక ఉంది. సగానికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకెళ్లినా దూరం ఒకటే. అందుకే మూడో వంతు దగ్గర ఆగి ప్రతి కుక్క నోరూ చూస్తాను. అనుమానంగా ఉంటే అక్కణ్నుంచే వెనక్కి. ఎటునుంచి మొదలెట్టాలన్నది కూడా చూసుకోవాలి. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి, ఎండ లేతగా ఉన్నప్పుడే సముద్రం వైపు నడిచేసి, ఎండ ముదిరేసరికి గుట్ట వెనక నీడలోకి వస్తాం.

అపోహ: నాటు కుక్క ఎంత ఎండైనా తట్టుకుంటుంది.

పగ్, షిట్జూల కన్నా నయమే. ముక్కు చప్పిడిగా ఉండే ఆ జాతుల్ని నేనసలు ఈ నడకకి రానివ్వను. వీధిలో తిరిగే కుక్క ఎండెక్కగానే ఏ లారీ కిందో దూరి పడుకుంటుంది. మీ తాడు పట్టుకుని నడిచే నాటు కుక్కకి ఆ స్వేచ్ఛ లేదు కదా! హస్కీకి బొచ్చంతా గొరిగిస్తే చల్లగా ఉంటుందన్నదీ నిజం కాదు. ఆ బొచ్చే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

అపోహ: నడకలో నీళ్లు తాగిస్తే కడుపు ఉబ్బుతుంది.

నడక ముందు కడుపు నిండా అన్నం పెడితేనే భయం, ముఖ్యంగా పెద్ద జాతులకి. నీళ్లు కొంచెం కొంచెంగా పట్టండి. మీ టిఫిన్‌లో ఉల్లి పకోడీ ఉంటే మాత్రం కుక్కకి దూరంగా పెట్టండి. ఉల్లిపాయ వాటికి విషం.

అపోహ: మా వాడు పిలిస్తే వచ్చేస్తాడు, తాడెందుకు?

హాల్లో పిలిస్తే వస్తాడు. మేకల మంద కనిపించినప్పుడు పిలిచి చూడండి. మా దారిలో మేకలు కాసే ఓ పెద్దాయన మొదటిరోజు "ఏటి బాబూ, కుక్కలకి కూడా వాకింగేటి?" అని నవ్వాడు. తర్వాతి వారం ఎవరిదో కుక్క తాడు లేకుండా ఉరికి, మేకలు చెట్టుకొకటి పుట్టకొకటి చెదిరిపోయాక నవ్వలేదు. వాటిని పోగేయడానికి మాకు గంట పట్టింది. ఇక పొదల్లో రక్తపింజరి ఉండొచ్చు. కుక్క కళ్లతో కాదు, ముక్కుతో వెతుకుతుంది కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీదే పడుతుంది. కట్టు కట్టొద్దు, కోయొద్దు. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పాము విషానికి మనుషులకిచ్చే ఇంజెక్షనే కుక్కలకీ ఇస్తారు.

అపోహ: అడవి అందరిదీ, కంబాలకొండకీ తీసుకెళ్లొచ్చు.

కుదరదు. అది అభయారణ్యం, చిరుతలున్న చోటు. మన కుక్క రోగాలు అక్కడి జంతువులకి అంటుకోవచ్చు. చిరుతకైతే కుక్క తిండే.

అపోహ: పిడుదులు వానాకాలంలోనే పడతాయి.

మన వాతావరణంలో ఏడాది పొడుగునా పడతాయి. టిక్ ఫీవర్ వచ్చేది వాటివల్లే. ఇంటికి రాగానే చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో వేళ్లతో తడిమి చూడండి. కనిపిస్తే కిరసనాయిలు పోయొద్దు, నలపొద్దు. చర్మానికి ఆనించి పట్టకారుతో తిన్నగా లాగండి. ఆ పనిలోనే పల్లేరుకాయలూ దొరుకుతాయి. మా నడక అయ్యాక గట్టు మీద అరగంట ఈ పనే.

అపోహ: పొలం గట్టున కుక్క పెంట ఎరువే.

ఆవు పేడ ఎరువు. కుక్క పెంటలో నులిపురుగుల గుడ్లుంటాయి. అవి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. ఆ గట్టు మీద ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. పాత న్యూస్‌పేపర్, ఒక సంచి జేబులో పెట్టుకుని రండి. మర్చిపోయినవాళ్ల కోసం నా దగ్గర రెండు మూడు ఎక్కువే ఉంటాయి.