నిఖిల్‌కీ హాసినికీ, మన కారు వెనక లైటు గురించి

చెన్నై, విల్లివాక్కం

చి. నిఖిల్‌కు, చి. హాసినికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. మీరు నెల్లూరు చేరిన మర్నాడు మీ అమ్మ ఫోన్ చేసి, నిఖిల్ ఇంకా ఆ కారు సంగతే తలుచుకుని ముభావంగా ఉన్నాడని చెప్పింది. ఒరేయ్, కారు వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టింది నేను. నువ్వు వెనక నిలబడి "రానీ... రానీ..." అంటుంటే, నేను అద్దంలో నిన్ను చూడకుండా పక్కింటివాళ్ల కుక్కను చూస్తున్నాను. నువ్వు "ఆపు" అని అరిచావు కూడా. స్తంభం ఉన్నచోటే ఉంది. ఇక తప్పెవరిదో వేరే చెప్పాలా?

పగిలింది క్లీనర్ సైడు లైటు, అంటే ఎడమది. లారీలో డ్రైవరు కుడివైపు, క్లీనరు ఎడమవైపు కూర్చుంటారు కదా, ఆ మాట కార్లకీ అంటుకుపోయింది. స్పేర్ పార్టుల షాపులో "లెఫ్ట్" అంటే "ముందు నుంచి చూస్తేనా, వెనక నుంచి చూస్తేనా?" అని అడుగుతారు. "క్లీనర్ సైడ్" అంటే ఆ గొడవ లేదు.

హాసినీ, "బల్బు వెలుగుతూనే ఉంది కదా తాతయ్యా, ఎర్ర టేపు అంటిస్తే పోలా?" అన్నావు. రెండు రోజులు నేను చేసిందీ అదే. కానీ లోపలి బల్బు తెల్లది. పైనున్న ఎర్ర ప్లాస్టిక్కే వెలుగును ఎర్రగా చేస్తుంది. పగులులోంచి తెల్లటి వెలుగు వస్తే, చీకట్లో వెనకవాడికి ఎదురుగా బండేదో వస్తున్నట్టు అనిపించవచ్చు. ఇక వాన పడితే నీళ్లు లోపలికి దిగుతాయి. ఈ ఊళ్లో సముద్రపు గాలి కూడా తోడు. మన దాన్ని విప్పి చూస్తే హోల్డరులో రాగి రేకు మీద అప్పుడే పచ్చగా చిలుము ఉంది. గరుకు కాగితంతో గీకితే గానీ పోలేదు.

పగులుకి జిగురు పెట్టొచ్చుగా అని కింద ఫ్లాటు ఆయన సలహా. పాత స్కూటరు లైటుకి ఒకసారి ఆ పని చేశాను. తొందరగా ఆరిపోయే ఆ జిగురు ఆవిరి తగిలి చుట్టూ ప్లాస్టిక్ సున్నం వేసినట్టు తెల్లబడింది. అది తుడుద్దామని థిన్నర్ రాస్తే సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి. రెండు తప్పులూ ఒకే సాయంత్రం చేశాను.

స్తంభం దగ్గర మీ అమ్మమ్మ ఊడ్చిన ముక్కల్లో పెద్దది దాచాను. మెకానిక్కులు దాన్ని గ్లాస్ అంటారు గానీ అది గాజు కాదు, యాక్రిలిక్. పైన నున్నగా ఉంటుంది. తిప్పి చూస్తే లోపల తేనెపట్టులా చిన్న చిన్న గళ్లు. ఒక్కో గడిలో మూడు పలకలు, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు కలుస్తాయి. ఆ మూలలోకి ఎటు నుంచి వెలుగు పడినా మూడు పలకల మీదా తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అందుకే ఆపి ఉంచిన కారుకి బల్బులు వెలగకపోయినా, వెనక వచ్చే బండి హెడ్‌లైటు పడగానే ఎర్రగా మెరుస్తుంది. 1969లో అపోలో 11లో వెళ్లినవాళ్లు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పలకలో ఇలాంటి మూలలే వంద ఉన్నాయి. ఇక్కడి నుంచి లేజర్ కొడితే వెలుగు తిరిగి వస్తుంది, ఎంతసేపటికి వచ్చిందో చూసి చంద్రుడి దూరం లెక్కకడతారు. అక్కడ వాడినవి ఖరీదైన గాజువి, మనది ప్లాస్టిక్. కిటుకు మాత్రం ఒకటే.

వెనక ఎర్ర దీపం 155 మీటర్ల నుంచి కనపడాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. నేను పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు కొలతలన్నీ రైలు పెట్టెల్లోనే తోస్తాయి. మేం చేసిన పెట్టె సుమారు 22 మీటర్లు. ఏడు పెట్టెలు వరసగా నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివర చూడు, అంత దూరం. అన్నట్టు, రైలు చివరి పెట్టెకీ వెనక ఎర్ర దీపం ఉంటుంది, పగలైతే 'ఎల్‌వి' (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) అని రాసిన పలక. అది కనపడితేనే రైలు మొత్తం వచ్చేసిందని, మధ్యలో ఏ పెట్టే తెగి ఉండిపోలేదని స్టేషన్‌వాళ్లు నమ్ముతారు. నెల్లూరు స్టేషన్లో ఈసారి చూడండి.

శనివారం పుదుపేట వెళ్లాను. ఎగ్మూరు పక్కనే, కూవం ఒడ్డున, పాత కార్లను విప్పి వరసగా పేర్చినట్టుంటుంది ఆ పేట. ఒక కొట్టు నిండా తలుపులే, ఇంకో కొట్టు నిండా స్టీరింగులే. కొత్తది కావాలంటే జనరల్ పాటర్స్ రోడ్డుకి వెళ్లాలి, కానీ మన కారు వయసుకి కొత్తది ఎందుకని పాతదే చూశాను. పాత రోజుల కార్లకు స్క్రూలు విప్పి పై గ్లాస్ ఒక్కటే మార్చుకునేవాళ్లం. ఇప్పుడు గ్లాసూ వెనక డబ్బా కలిపి అతికించేస్తున్నారు, మొత్తం అసెంబ్లీ కొనాల్సిందే. 1,500 చెప్పాడు, నా అరకొర అరవానికి జాలిపడి 900కి ఇచ్చాడు. డబ్బులిచ్చే ముందు ఎండకు ఎత్తి పట్టుకుని పగుళ్లు చూశాను, లోపలి వెండిపూత మీద నీటి మరకలు ఉన్నాయేమో చూశాను, బోల్టులు పట్టే చెవులు విరిగాయేమో వేలితో తడిమి చూశాను. చెవి విరిగినదైతే ఎంత తళతళలాడినా వద్దు, గతుకుల్లో ఊగి ఊగి మళ్లీ పగులుతుంది.

బిగించడం పావుగంట పని. డిక్కీ తెరిస్తే పక్కన రెండు బోల్టులు, పది నంబరు స్పానరు. అవి తీసి లైటును పక్కకు తిప్పకుండా తిన్నగా వెనక్కి లాగాలి, ఎందుకంటే అవతల ప్లాస్టిక్ మేకులు ఉంటాయి. వైర్లను లైటుకి కలిపే ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది, దాని నాలుక నొక్కి వైర్లు ఊడదీయాలి. హోల్డరును కొంచెం తిప్పితే బయటికి వస్తుంది. బోల్టులు మళ్లీ బిగించేటప్పుడు బలం చూపించకూడదు, అవతల ఉన్నది ప్లాస్టిక్.

ఇప్పుడు అసలు సంగతి. అంతా బిగించి, అమ్మమ్మను వెనక నిలబెట్టి, బ్రేక్ తొక్కాను. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని చూసి, "కొత్తది బాగా వెలిగింది, ఆ రెండోది వెలగలేదు" అంది. దిగి చూశాను. పగలని లైటుకి, డ్రైవర్ సైడు దానికి, బ్రేక్ వెలుగు లేదు! ఆ బల్బులో రెండు తీగలుంటాయి. రాత్రి మామూలుగా వెలిగేది 5 వాట్లు, బ్రేక్ తొక్కితే వెలిగేది 21 వాట్లు. పెద్ద తీగ తెగిపోయింది, చిన్నది బాగానే ఉంది. రాత్రి చూస్తే రెండువైపులా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఎన్ని నెలలుగా అలా తిరిగానో! మీ ఇద్దర్నీ ఎక్కించుకుని మెరీనాకు వెళ్లొచ్చింది కూడా ఆ లైటుతోనే. నిఖిల్, ఆ రోజు నేను స్తంభానికి కొట్టకపోతే బ్రేక్ లైట్లు చూసుకునేవాణ్ణే కాదు.

బల్బు యాభై రూపాయలు. వేయడానికి నిమిషం కూడా పట్టలేదు. దాని రెండు పక్కలా ఉన్న గుబ్బలు ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి, తిరగేసి పెడదామన్నా పట్టదు. ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇప్పుడు కారును గోడకు వెనక్కి పెట్టి, బ్రేక్ తొక్కి, గోడ మీద రెండు ఎర్ర మరకలు పడ్డాయా లేదా అని అద్దంలో చూస్తున్నాను.

దాచిన ముక్క అంచులు అరగదీసి ఈ కవర్లోనే పంపుతున్నాను. కరెంటు పోయినప్పుడు హాసిని దాన్ని గది అవతల పట్టుకోవాలి, గళ్లు ఉన్న వైపు తన వైపుకి, నున్నటి వైపు నిఖిల్ వైపుకి. నిఖిల్ టార్చిని కంటి పక్కనే ఆనించి వేయాలి. తర్వాత టార్చిని చేయి చాచినంత దూరం జరిపి మళ్లీ వేసి, ఏం తేడా కనపడిందో నాకు రాయండి.

మీ
తాతయ్య