పూజారుల శవపేటికలు 17 వాటాలుగా విదేశాలకు ఎలా చేరాయి?

లైడెన్, కోపెన్‌హాగెన్, లిస్బన్, వాటికన్, వాషింగ్టన్. ఈ చోట్లన్నిటికీ పసుపు రంగు మీద దేవతల బొమ్మలు గీసిన ఈజిప్టు చెక్క శవపేటికలు చేరాయి. అన్నీ ఒకే సమాధిలోంచి వెళ్లినవే.

క్రీస్తు పూర్వం 1070 ప్రాంతంలో 21వ రాజవంశం మొదలయ్యేసరికి ఈజిప్టులో అధికారం రెండుగా చీలింది. ఉత్తరాన తానిస్‌లో రాజులు, దక్షిణాన థీబ్స్‌లో (ఇప్పటి లక్సర్) అమున్ దేవుడి ప్రధాన పూజారులు. అప్పటికే సమాధుల దొంగతనాలు పెరిగిపోయాయి. ఖర్చుపెట్టి గోడలకు బొమ్మలు వేయించుకున్నా దొంగలను మరింత పిలిచినట్టే. అందుకే పూజారి కుటుంబాలు అలంకరణ లేని ఉమ్మడి సమాధుల్లోకి మారాయి. ఒకప్పుడు గోడల మీద ఉండే మృతుల దేవుడు ఒసిరిస్, ఆకాశ దేవత నూత్, సూర్యుడి పడవ అన్నీ పెట్టె మీదికే వచ్చాయి. స్థోమత ఉన్నవారికి బయటి పెట్టె, లోపలి పెట్టె, మమ్మీ మీద పరిచే చెక్క పలక, మూడూ ఉండేవి.

చిక్కల్లా చెక్కతోనే. స్థానికంగా దొరికే అత్తి జాతి చెట్టు చెక్క ముక్కలను చెక్క మేకులతో కలిపి, సందుల్లో మట్టి మెత్తి, పైన రంగులు వేసేవారు. లెబనాన్ దేవదారు తెప్పించడం అప్పట్లో అందరి వల్లా అయ్యే పని కాదు. దాంతో పాత శవపేటికలనే మళ్లీ వాడారు. పాత పేరు చెరిపి కొత్త పేరు, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ. అమెరికా పరిశోధకురాలు కారా కూనీ తాను చూసిన ఈ కాలపు పెట్టెల్లో సగానికి పైగా ఇలాంటి ఆనవాళ్లు గుర్తించారు. కొన్నిటికి బంగారు పూత ఉన్న ముఖం, చేతులు మాత్రమే ఊడబెరికి ఉన్నాయి. అది లోపలి సంగతులు బాగా తెలిసినవాళ్ల పనే కావచ్చు, బయటి దొంగలకు అంత తీరిక ఉండకపోవచ్చు.

1891లో థీబ్స్‌లోని దైర్ అల్ బహ్రీ దగ్గర, పాత సమాధుల జాడలు తెలిసిన స్థానిక అబ్దుల్ రసూల్ కుటుంబ సభ్యుడు చూపించిన చోట 'బాబ్ అల్ గుసుస్' సమాధి బయటపడింది. ఆ పెట్టెలన్నీ వెళ్లింది ఇక్కడినుంచే. లోపల అమున్ పూజారులు, పూజారిణులవి 153 శవపేటికలు, వాటిలో 101 జంట పెట్టెలు (బయటిది, లోపలిది). ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ దారెసీ హడావుడిగా ఖాళీ చేయించి పడవల్లో గీజా మ్యూజియానికి పంపారు. అక్కడ అన్నిటికీ చోటు చాలలేదు. 1893లో ఈజిప్టు పాలకుడు (ఖేదివ్) రెండవ అబ్బాస్ హిల్మీ కాలంలో కొన్నిటిని 17 వాటాలు చేసి విదేశాలకు కానుకగా ఇచ్చారు. దౌత్యానికి దౌత్యం, స్థలానికి స్థలం కలిసొచ్చాయి.

ఆ తొందరలో కొన్ని సెట్లు విడిపోయాయి. దారెసీ సమాధిలో ఒక వరసన నంబర్లు వేశారు, మ్యూజియంలో ఇంకో వరస. రెండూ కలవక గందరగోళం పెరిగింది. ఇప్పుడు వాటికన్ 2008లో మొదలుపెట్టిన ప్రాజెక్టులో భాగంగా రంగులు, చెక్క, ఎక్స్‌రేలు పరిశీలిస్తున్నారు. ఏ పలక ఏ పెట్టెదో తేల్చడానికి మాత్రం ఆ రెండు పాత జాబితాలనే మళ్లీ ముందేసుకోవాల్సి వస్తోంది.