పూత వేస్తే పగులు అతకదు: సైకిల్ పార్టుల కోటింగ్, అపోహలు - వాస్తవాలు

"పౌడర్ కోటింగ్ వేస్తే పార్టు మళ్లీ గట్టిపడుతుంది కదండీ?" ఈ పనిలో నేను వినీ వినీ విసిగిపోయిన మాట ఇది. గట్టిపడదు. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత. ఆ పొర మందం మామూలుగా 60 నుంచి 120 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). తేమ, ఉప్పు, చిన్నచిన్న గీతలు లోహం దాకా పోకుండా అది అడ్డుపడుతుంది. అంతవరకే దాని పని. అరిగిన లోహాన్ని తిరిగి తెచ్చిపెట్టదు, పగిలినదాన్ని అతకదు.

మిగతా అపోహలతో డబ్బు పోతుంది. ఈ అపోహతో మాత్రం కిందపడి మన పళ్లు రాలతాయి. అల్యూమినియం క్రాంక్‌కి (పెడల్‌ని పట్టుకుని తిరిగే చేతికి) పెడల్ బిగించే రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు మొదలవుతుంది. తొక్కిన కొద్దీ పెరుగుతుంది. పైన కొత్త రంగు పడితే పగులు పెరగడం ఆగదు, మన కంటికి కనబడటం ఆగుతుంది. చివరికి ఎత్తు ఎక్కుతూ సీటు మీంచి లేచి బలంగా తొక్కినప్పుడు విరుగుతుంది.

ఒకాయన పాత క్రాంకులు తెచ్చి నల్లగా చేసిమ్మన్నారు. సైకిల్‌ని కొడుక్కి ఇద్దామని ముచ్చట. ఎడమ క్రాంక్ మీద రంధ్రం పక్కన సన్నటి గీత ఉంది. "ఎక్కడో రాసుకుని ఉంటుందిలెండి" అన్నారు. జిడ్డంతా కడిగి, ఎర్ర పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం) కొట్టి, కాసేపాగి గుడ్డతో తుడిచి, ఇంకిన రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ పొడి చల్లాను. ఉత్త గీరుడైతే తుడిచినప్పుడే రంగు పోయేది. ఇక్కడ తెల్లటి పొడి మీద ఎర్రటి చార నెమ్మదిగా ఊరింది. అదీ మేం చూసిన గీత మేరకే కాదు, వెనకవైపు దాకా పాకింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్రాంకులకు నేను రంగు వేయలేదు. ఈ పరీక్ష బ్లాస్టింగ్‌కి, అంటే పాత పూత పోయేలా ఇసుక విసిరి కొట్టడానికి, ముందే చేయాలి. మెత్తటి అల్యూమినియం ఇసుక దెబ్బకు సాగి పగులు నోరు మూసుకుపోతుంది. ఆ తర్వాత పెనిట్రెంట్ కొట్టినా ఏమీ కనబడకపోవచ్చు.

చైన్, పళ్లచక్రాల సంగతీ ఇంతే. చైన్ అరిగేది లోపల, పిన్నుల దగ్గర. 0.75 శాతం సాగిన చైన్‌కి బంగారు పూత పూసినా అది సాగిన చైనే. మార్చేయండి.

"మందంగా కొట్టండి, ఎక్కువకాలం ఉంటుంది" అనేవాళ్లకు సీట్ పోస్ట్ (ఫ్రేమ్ ట్యూబులోకి దిగే సీటు కడ్డీ) లెక్క చెబుతాను. పోస్ట్ సైజులు చాలావరకు 0.2 మి.మీ. తేడాతో ఉంటాయి. 27.2 మి.మీ. పోస్ట్ పట్టే ట్యూబు లోపల చుట్టూ 100 మైక్రాన్ల పొర పడితే వ్యాసం సరిగ్గా 0.2 మి.మీ. తగ్గుతుంది. నిన్నటిదాకా దిగిన పోస్ట్ ఇవాళ దిగదు. అప్పుడు సుత్తి తీస్తారు, అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. మరలు, బేరింగ్ కూర్చునే చోట్లు, హ్యాండిల్ పట్టే బిగింపులు, ఇవన్నీ టేపుతోనో రబ్బరు బిరడాలతోనో మూసి కోటింగ్ వేయాలి. బోల్టు కింద మందపాటి పొర ఉంటే అది నలిగి, బిగింపు వదులవుతుంది. రిమ్ మీద బ్రేకు రబ్బరు రాసుకునే చోట, డిస్క్ రోటర్ మీద ఏ పూతా వద్దు. దీనికి మినహాయింపు లేదు.

అనోడైజింగ్‌తో గీతలు కప్పుకుపోతాయా? పోవు. అది పైన పూసే రంగు కాదు, అల్యూమినియం నుంచే పెరిగే ఆక్సైడ్ పొర. కింద గీత ఉంటే పైనా గీతే. తుప్పు కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే రసాయనం) ఉక్కుకే పనిచేస్తుంది, పెచ్చులు గీకాకే పూయాలి.

ఇంట్లో యాసిడ్, బ్యాటరీ పెట్టి బోల్టులకు జింక్ ప్లేటింగ్ చేసుకోవచ్చని ఒక ప్రచారం. ఎవరు పుట్టిస్తారో ఇవన్నీ! బాగా గట్టి ఉక్కులోకి ఆ పనిలో హైడ్రోజన్ చేరితే అది పెళుసెక్కుతుంది. బిగించిన కొన్ని గంటలకో రోజులకో చెప్పాపెట్టకుండా విరుగుతుంది. కొత్త బోల్టు కొనుక్కోండి బాబూ.

ఓవెన్ వేడికి స్టీల్ ఫ్రేమ్ బలం పోతుందేమోనని భయపడేవాళ్లు మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. పౌడర్ కాలేది దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌లో. ట్యూబుల్ని కలిపే వెండి బ్రేజింగ్ (వెండి కలిసిన లోహం కరిగించి వేసే) అతుకు కూడా 600 దాటితే తప్ప కరగదు. కార్బన్ ఫ్రేమ్‌నీ, జిగురుతో అతికిన అల్యూమినియం ఫ్రేమ్‌నీ అయితే ఆ ఓవెన్ దరిదాపులకు తీసుకెళ్లొద్దు. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచే రెజిన్, జిగురు ఆ వేడికి తట్టుకోవు. "కొంచెం తక్కువ వేడిలో కానిచ్చేద్దాం" అనే షాపు నుంచి ఫ్రేమ్ వెనక్కి తెచ్చేసుకోండి.

ఇంకోటి. స్టీల్ ఫ్రేమ్ ఎక్కువగా తుప్పు పట్టేది లోపలి నుంచి, పౌడర్ అక్కడికి చేరదు. పార్టులు బిగించేముందు ట్యూబుల్లోకి రస్ట్‌ప్రూఫ్ ఆయిల్ కొట్టి ఫ్రేమ్‌ని అటూ ఇటూ తిప్పండి. సీట్ పోస్ట్‌కి గ్రీజు రాయండి. బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు కూర్చునే గొట్టం) కింద నీళ్లు కారడానికి చిన్న రంధ్రం ఉంటే, కోటింగ్ దాన్ని పూడ్చేసిందేమో చూసి పుల్లతో పొడవండి.