కిరాయి హంతకుడి జెర్సీ: తేలకుండా మిగిలిన ప్రశ్న

సినిమాలో మా బ్రాండ్ చూపించారు, మా బిల్డింగ్ చూపించారు అంటూ లీగల్ నోటీసుల గొడవ మళ్లీ మొదలైంది. చార్మినార్ ముందు కెమెరా పెట్టాలంటే పురావస్తు శాఖ పర్మిషన్ కావాలన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇప్పటి తగాదాకు మూలం మాత్రం 2023 ఆగస్టులో ఉంది.

ఆ నెల 10న రజనీకాంత్ ‘జైలర్’ విడుదలైంది. తెలుగులోనూ ఆడింది. అందులో ఓ కిరాయి హంతకుడు రాయల్ చాలెంజర్స్ బెంగళూరు జెర్సీ వేసుకుని ఓ స్త్రీ గురించి నీచంగా మాట్లాడతాడు. మా జెర్సీ పరువు పోయిందంటూ జట్టు యాజమాన్యం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. రాజీ కుదిరింది. సెప్టెంబరు 1 తర్వాత థియేటర్లలో ఆ జెర్సీ కనబడకూడదు, టీవీకీ ఓటీటీకీ మార్చిన కాపీయే వెళ్లాలి. ఆ ఒప్పందం ప్రకారమే కోర్టు ఉత్తర్వు ఇచ్చింది.

రాజీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అది హక్కు ఎవరిదో తేల్చిన తీర్పు కాదు.

నిజానికి చట్టం కథ చెప్పేవాడి మీద అంత కక్ష కట్టలేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చూపించొచ్చు. ట్యాంక్‌బండ్ విగ్రహాలు ఈ లెక్కలోకే వస్తాయి. హీరో వెనక గోడ మీద ఎవరిదో పెయింటింగ్ ఊరికే నేపథ్యంగా కనిపించినా తప్పులేదు.

చిక్కంతా ట్రేడ్‌మార్క్‌తోనే. పేరున్న మార్కును ‘సరైన కారణం లేకుండా’ దాని ప్రతిష్ఠకు హాని కలిగేలా వ్యాపారంలో వాడితే ఉల్లంఘనేనంటుంది 1999 చట్టం 29వ సెక్షన్. విలన్‌కు ఓ ఊరూ ఓ జట్టూ ఉండటం కథకు అవసరమైతే, అది సరైన కారణం కాదా? జైలర్ కేసులో తేలాల్సిన ప్రశ్న అదే. తేలలేదు. ఈలోగా భవనాలూ ఈ గొడుగు కిందికి వస్తున్నాయి: ముంబై తాజ్ హోటల్ 2017లోనే తన భవన రూపాన్ని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకుంది.

అంతకుముందు 2010లో ‘దబంగ్’ పాటలో జండూ బామ్ పేరు వాడారని ఇమామీ కంపెనీ నోటీసు పంపింది. అదీ రాజీతోనే ముగిసింది. ఆ పాటకు ఆడిన మలైకా చివరికి అదే బామ్‌కు ప్రచారకర్త అయింది! పోయిందన్న పరువు ఎటు పోయిందో మరి.

ఇలాంటి కేసును చివరిదాకా నడిపే ఓపిక నిర్మాతకు ఉండదు. థియేటర్లో సినిమా ఆడుతుండగా వాయిదాలకు తిరగడం కన్నా, రాత్రికి రాత్రి సీజీలో చొక్కా రంగు మార్చుకోవడమే అతనికి చవక.