ముల్లు 5 చూపితే 5 వాట్లేనా?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు సూపర్‌వైజర్ వాకీటాకీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అన్నా, గోదాములకెళ్లి మాట్లాడితే గేటు కాడి సెట్‌కు అందుతలేదు. జర పవర్ పెంచు" అన్నాడు. పెంచాలంటే ముందు ఇప్పుడెంత ఉందో కొలవాలి. కొలవడమే కష్టం.

యాంటెనా తీసేసి, సెట్‌ను వాట్‌మీటర్ మీదుగా డమ్మీ లోడ్‌కు కలుపుతాం. డమ్మీ లోడ్ అంటే 50 ఓమ్‌ల నిరోధం. వచ్చిన శక్తినంతా వేడిగా మార్చుకుంటుంది. ఏదీ తగిలించకుండా బటన్ నొక్కితే శక్తి వెనక్కి తిరిగి చివరి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

ఇక మీటర్. చాలా ముల్లు మీటర్లకు ఫుల్ స్కేల్‌లో, అంటే ఆ స్కేల్ చివరి అంకెలో, 5 శాతం దాకా తేడా ఉండొచ్చు. 50 వాట్ల స్కేల్ మీద అది రెండున్నర వాట్లు! సరిగ్గా 5 వాట్లు ఇచ్చే సెట్‌కు ముల్లు రెండున్నర చూపినా, ఏడున్నర చూపినా మీటర్ చెడిపోయిందనలేం. 10 వాట్ల స్కేల్‌కు మారితే ఆ తేడా అర వాటుకు దిగుతుంది. సరైన స్కేల్ ఎంచుకోవడమే ఈ పనిలో సగం అంటాను నేను. మధ్యలో ఉన్న కేబుల్ కూడా కొంత తింటుంది. అర డెసిబెల్, అంటే సుమారు 11 శాతం, పోయినా 5 వాట్లలో మీటర్‌కు చేరేది 4.46. ఆ లెక్క వేయకుండా ముల్లును 5 దాకా లాగితే సెట్ నిజంగా 5.6 వాట్లు కక్కుతుంటుంది.

ఆ సెట్ మొదట 3.8 చూపింది. బ్యాటరీ తీసేసి, బయటి సప్లై నుంచి దానికి రాసి ఉన్న 7.5 వోల్టులు ఇస్తే 4.7కు వచ్చింది. సెట్ బాగానే ఉంది, ముసలిదైంది బ్యాటరీ. బటన్ నొక్కగానే దాని వోల్టేజీ కుంగిపోతోంది.

పాత సెట్లలో పవర్‌ను స్క్రూడ్రైవర్‌తో సరిచేసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్‌కు కలిపి, సెట్ మెమరీలో అంకెలు మారుస్తాం. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర చూస్తే చాలదు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే సెట్‌ను కింద, నడుమ, పైన చూడాలి. బటన్ కొన్ని సెకన్లే నొక్కాలి, వేడెక్కితే రీడింగ్ మారిపోతుంది.

సరే, 4.7ను 5 చేశామనుకుందాం. అడ్డం లేని చోట కూడా దూరం పెరిగేది 3 శాతమే. వాట్లు రెట్టింపు చేసినా 41 శాతం. అంతకు మించి లాగితే ట్రాన్సిస్టర్ కాగుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, లైసెన్స్ హద్దు కూడా దాటుతాం. అదే ఎత్తు పెంచితే? నేల మీద నిలబడ్డ మనిషి చేతిలోని సెట్‌కు రేడియో చూపు, అంటే భూమి వంపు అడ్డం రాకముందు తరంగం వెళ్లే దూరం, సుమారు 5 కిలోమీటర్లు. 100 మీటర్ల గుట్ట మీద నుంచి 41. నల్గొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి మాట్లాడిన వాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు.

మిల్లు సెట్‌లో పవర్ జోలికి పోలేదు. కొత్త బ్యాటరీ వేసిచ్చి, గేటు సెట్ యాంటెనాను రేకుల షెడ్డు కన్నా ఎత్తుగా గొట్టం మీద పెట్టించమన్నాను.