పడిశానికి, జ్వరానికి మాత్రలు: మా కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో మెడికల్ షాపు నడుపుతా ఉండా, ఫార్మసిస్టుని. అక్టోబర్, నవంబర్ వానలు పట్టుకుంటే చాలు, వచ్చేవాళ్ళలో సగం మంది ముక్కు ఎగబీలుస్తానే వస్తారు. చీటీ ఉండదు, "అన్నా ఒళ్ళు నొప్పులు, పడిశం, ఏదన్నా మంచి మాత్ర ఇయ్యి" అంతే. ఒక్క నిమిషం నిలబెట్టి చెప్దామంటే వెనక జనం తొందర పెడతా ఉంటారు, అందుకే ఇక్కడ రాస్తా ఉండా.

అపోహ: పేరు వేరే అయితే మందు వేరే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. పోయిన వానాకాలం ఒక అవ్వ వచ్చి, నాలుగు రోజులైనా జ్వరం పోలేదు నాయనా, ఇంకా పవర్‌ది ఇయ్యి అనింది. ఇప్పుడు ఏం వేసుకుంటా ఉండావవ్వా అంటే కవర్లోంచి మూడు స్ట్రిప్పులు తీసి అద్దం మీద పెట్టింది. జ్వరానికని డోలో 650 మూడు పూటలా, పడిశానికని కోల్డ్ మాత్ర మూడు పూటలా, నడుం నొప్పికని ఐబుప్రోఫెన్ కలిసిన మాత్ర రెండు పూటలా. వెనక్కి తిప్పి చూస్తే మూడిట్లోనూ పారాసిటమాల్ ఉండాది. డోలోతో 1950, కోల్డ్ మాత్రలో 500 చొప్పున 1500, నొప్పి మాత్రలో 325 చొప్పున 650, మొత్తం రోజుకు 4100 మిల్లీగ్రాములు. పెద్దోళ్ళు 24 గంటల్లో దాటకూడని హద్దు 4000. ఆ అవ్వలాగా బక్కగా ఉండి తిండి సరిగ్గా తిననోళ్ళకు, రోజూ తాగేవాళ్ళకు, లివర్ జబ్బు ఉన్నోళ్ళకు అది కూడా ఎక్కువే. మూడు స్ట్రిప్పులూ పక్కన పెట్టించి ఆ పూటే డాక్టర్ దగ్గరికి పంపించినా.

లివర్లో జరిగేది ఏందంటే, మింగిన పారాసిటమాల్‌లో కొంచెం భాగం అక్కడ విషంగా మారుతాది, గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తా ఉంటాది, మాత్రలు మితిమీరితే ఆ పదార్థం అయిపోయి విషమంతా లివర్ కణాల మీద పడతాది. కాబట్టి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో పారాసిటమాల్ ఉందా, ఎన్ని మిల్లీగ్రాములు ఉందా చూసుకోండి, కనపడకపోతే షాపు వాళ్ళని చదివి చెప్పమనండి. అమెరికా నుంచి పిల్లోళ్ళు తెచ్చిచ్చే టైలెనాల్ మీద ఎసిటమినోఫెన్ అని ఉంటాది చూడండి, అదీ పారాసిటమాలే.

అపోహ: రెండు కలిపి వేసుకుంటే తొందరగా తగ్గుతాది.

ఈ మాత్రలు వైరస్‌ని ఏమీ చెయ్యవు, జ్వరం, నొప్పి తగ్గిస్తాయి అంతే. పెద్దోళ్ళకు ఒక పూటకు పారాసిటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు సరిపోతాది, మళ్ళీ వేసుకోవాలంటే కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాల. పడిశానికి అజిత్రోమైసిన్ అడిగేవాళ్ళకు కూడా నా జవాబు ఇదే, యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు.

అపోహ: జ్వరానికి గట్టి పెయిన్ కిల్లర్ అయితేనే మంచిది.

వానాకాలం జ్వరం డెంగీ అవునో కాదో తేలేవరకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దండి, రక్తస్రావం ముప్పు పెరుగుతాది. గుండెకని డాక్టర్ రాసిన ఆస్పిరిన్ వాడేవాళ్ళు దాన్ని మీ అంతట మీరు ఆపకండి, జ్వరం వచ్చిందని ఆయన్నే అడగండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, బీపీ ఉన్నోళ్ళు కూడా అడక్కుండా ఈ నొప్పి మాత్రలు ముట్టుకోకూడదు. కోల్డ్ మాత్రల్లో ఉండే ఫెనైలెఫ్రిన్ కూడా బీపీ పెంచగలదు. వాటిల్లోనే ఉండే క్లోర్‌ఫెనిరమైన్‌తో మగత వస్తాది, అది వేసుకుని తిరుమల ఘాట్ రోడ్డులో బండి నడపబోకండి, మా షాపుకొచ్చే ట్యాక్సీ డ్రైవర్లకైతే నేను బతిమాలుకుని మరీ చెప్తా.

అపోహ: పెద్దోళ్ళ మాత్రలో సగం విరిచి బిడ్డకు ఇస్తే చాలు.

బిడ్డలకు పారాసిటమాల్ బరువును బట్టి లెక్క, ఒక్కో కిలోకు ఒక పూటకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 100 నుంచి 150, అంతే. డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటాది, సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 లేదా 250 ఉంటాది, సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎంఎల్ పోసినారంటే 500 పోయినట్టే. వంటింటి స్పూన్ వద్దు, సీసాతో వచ్చే కొలత మూతతోనో, డ్రాపర్‌తోనో కొలవండి. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందుని 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించినారు, క్లోర్‌ఫెనిరమైన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు బిడ్డలకు వద్దని 2023లో చెప్పినారు. ఇంట్లో పాత సీసా ఉంటే ఒకసారి తీసి చూడండి.

అపోహ: ఎక్కువ మింగినా, ఏం కాలేదు కదా.

పారాసిటమాల్ ఎక్కువ మింగితే మొదటి రోజు వాంతులో, వికారమో తప్ప ఏమీ తెలియకపోవచ్చు, లివర్ దెబ్బతినింది బయటపడేది ఒకట్రెండు రోజుల తర్వాతే. దీనికి విరుగుడు మందు ఉండాది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అని, 8 గంటల్లోపు ఎక్కిస్తే బాగా కాపాడతాది. కాబట్టి బాగుండాను కదా అని ఇంట్లో కూర్చోకుండా రుయాకో, స్విమ్స్‌కో, దగ్గర్లో ఏ పెద్దాసుపత్రికో వెంటనే పోండి. పోయేటప్పుడు మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా కవర్లో వేసుకుని పోండి, ఎన్ని మింగినారు, ఎన్ని గంటలకు మింగినారు అనేదే డాక్టర్ మొదట అడుగుతారు.