హ్యాడ్ గురించి మన దగ్గర పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండలో 14 ఏళ్లుగా ఇంగ్లిష్ చెప్తున్నాను. పొద్దున బ్యాచ్ స్పోకెన్ ఇంగ్లిష్, సాయంత్రం బ్యాచ్ పోటీ పరీక్షల గ్రామర్. దేవరకొండ నుంచి, హాలియా నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్లలుంటారు. మిగతా టెన్సులు రాకపోతే రావంటారు, నేర్చుకుంటారు. పాస్ట్ పర్ఫెక్ట్ (హ్యాడ్ గాన్, హ్యాడ్ రిటెన్ లాగా క్రియకు ముందు హ్యాడ్ వచ్చే టెన్స్) అట్లా కాదు, స్కూల్లో ఎవరో చెప్పిన ఒక రూలును గట్టిగా పట్టుకొని వస్తారు, ఆ రూలే తప్పని చెప్తే నమ్మడానికి రెండు వారాలు పడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బాగా పాత సంగతైతే హ్యాడ్ పెట్టాలి, కొత్త సంగతైతే మామూలు పాస్ట్ చాలు.

వాస్తవం: సంగతి ఎంత పాతదన్నదానికి హ్యాడ్‌కు సంబంధం లేదు. చార్మినార్ కట్టింది 1591లో, నాలుగు వందల ఏళ్లు దాటింది, అయినా "కులీ కుతుబ్ షా బిల్ట్ ద చార్మినార్ ఇన్ 1591" అనే అంటాం. హ్యాడ్ బిల్ట్ అనం. మన నాగార్జునసాగర్ సంగతే చూడండి. నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు, 1964లో చనిపోయారు, 1967లో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. దీన్ని ఇంగ్లిష్‌లో ఇట్లా చెప్పొచ్చు: "నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1955. బై ద టైమ్ వాటర్ వాజ్ రిలీజ్డ్ ఇన్ 1967, హి హ్యాడ్ ఆల్రెడీ డైడ్." ఇందులో 1955 ముచ్చట అన్నిటికన్నా పాతది, దానికి హ్యాడ్ లేదు. దాని తర్వాత తొమ్మిదేళ్లకు జరిగినదానికి ఉంది. ఎందుకంటే రెండో వాక్యంలో మనం 1967లో, నీళ్లు వదిలే చోట నిలబడి ఉన్నాం, అక్కడి నుంచి వెనక్కి చూసి "అప్పటికే ఆయన లేరు" అంటున్నాం. గతంలో ఒక చోట నిలబడి, ఇంకా వెనక్కి చూడటం, హ్యాడ్ ముఖ్యమైన పని అదే. నిలబడే చోటు లేకపోతే హ్యాడ్‌కు పని లేదు.

అపోహ: తెలుగులో ఇట్లాంటి టెన్స్ లేదు, అందుకే మనకు అర్థం కాదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది, ఎందుకంటే మన నల్గొండ, పాలమూరు మాటలో ఇది రోజూ నడుస్తుంది. "నేను పొయ్యేసరికే బస్సు ఎల్లిపోయి ఉండె." ఈ "ఎల్లిపోయి ఉండె" అచ్చంగా "హ్యాడ్ లెఫ్ట్". "వాళ్లు అప్పటికే తినేసి ఉండిరి" అంటే "దే హ్యాడ్ ఆల్రెడీ ఈటెన్". పుస్తకంలో ఫార్ములా బట్టీ పట్టించే బదులు ఇంట్లో అమ్మ మాట్లాడే వాక్యం ఒకటి తీసి బోర్డు మీద రాస్తే క్లాసు మొత్తానికి ఒక్కసారే అర్థమవుతుంది. నేను ఇప్పుడు అట్లానే మొదలుపెడతాను.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది, మన ప్రాంతం పిల్లల తప్పుల్లో సగం దాని నుంచే వస్తాయి. మన దగ్గర ఈ "ఉండె, ఉంటి" రూపాన్ని ఊరికే అయిపోయిన సంగతికి కూడా వాడతాం. "నిన్న మీ ఇంటికి వచ్చి ఉంటి, మీరు లేకుంటిరి." దక్కనీ ఉర్దూలో కూడా అంతే, "కల్ ఆయా థా" అంటారు. దాన్ని యథాతథంగా ఇంగ్లిష్‌లోకి దించితే "ఐ హ్యాడ్ కమ్ టు యువర్ హౌస్ యెస్టర్డే" అవుతుంది, వినేవాళ్లు "ఆ తర్వాత ఏం జరిగింది?" అని ఎదురుచూస్తారు. మీరు చెప్పదలచింది వచ్చాను అన్న ఒక్క ముక్కే అయితే "ఐ కేమ్ టు యువర్ హౌస్ యెస్టర్డే" చాలు. ఆఫీసు మెయిళ్లలో కూడా ఇదే చూస్తాను: "ఐ హ్యాడ్ సబ్మిటెడ్ మై సర్టిఫికెట్స్ లాస్ట్ వీక్." హ్యాడ్ తీసేయండి, వాక్యం శుభ్రంగా ఉంటుంది. హ్యాడ్ పెడితే మర్యాదగా ఉంటుందని కొందరు అనుకుంటారు. మర్యాదకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: వాక్యంలో రెండు పనులుంటే మొదట జరిగినదానికి హ్యాడ్ తప్పనిసరి.

వాస్తవం: ఇది అన్నిటికన్నా బలంగా నాటుకుపోయింది, దీని దగ్గర కాస్త ఆగాలి. జరిగిన వరసలోనే చెప్పుకుంటూ పోతే హ్యాడ్ అక్కర్లేదు: "ఐ గాట్ అప్, హ్యాడ్ టీ అండ్ వెంట్ టు ద ఫీల్డ్." (ఈ హ్యాడ్ తాగడం అనే అర్థంలో వచ్చింది, మన హ్యాడ్ కాదు.) వరస తిరగబడ్డప్పుడే దాని అవసరం. మీరు వడ్ల మార్కెట్‌కు పోయారు, నాన్న అప్పటికే అమ్మేశారు: "ఐ వెంట్ టు ద మార్కెట్ యార్డ్. మై ఫాదర్ హ్యాడ్ ఆల్రెడీ సోల్డ్ ద ప్యాడీ." ఇక్కడ ఉత్త సోల్డ్ అంటే మీరు పోయాక మీ ముందే అమ్మారని అర్థమయ్యే ప్రమాదముంది.

వెన్‌తో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. "వెన్ ఐ రీచ్డ్ ద బస్టాండ్, ద బస్ లెఫ్ట్" అంటే మీరు పోయారు, బస్సు అప్పుడే కదిలింది, పరుగెత్తితే దొరికేదేమో. "ద బస్ హ్యాడ్ లెఫ్ట్" అంటే మీరు పోయేసరికి ప్లాట్‌ఫాం ఖాళీ. రెండూ వ్యాకరణం ప్రకారం కరెక్టే, జరిగింది మాత్రం వేరు.

బిఫోర్, ఆఫ్టర్ ఉంటే ఏది ముందో ఆ మాటే చెప్పేస్తుంది, కాబట్టి హ్యాడ్ పెట్టినా పెట్టకపోయినా తప్పు లేదు. "ద ట్రైన్ లెఫ్ట్ బిఫోర్ ఐ రీచ్డ్ మిర్యాలగూడ" అని ఇంగ్లిష్ వాళ్లు హాయిగా అంటారు. అయితే పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక మాట: అక్కడ తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో ముందు జరిగిన పనికి హ్యాడ్ ఉండాలనే లెక్కతోనే జవాబు పెట్టే అలవాటుంది. పరీక్షలో వాళ్ల లెక్క పాటించండి, మార్కు పోగొట్టుకోవద్దు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ భయం వద్దు.

ఆ రూలు అసలు పనిచేయని వాక్యం ఒకటి చెప్తాను, క్లాసులో ఇది రాస్తే అందరూ నిశ్శబ్దమైపోతారు. "హి లెఫ్ట్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్ స్పీకింగ్." నేను మాట పూర్తి చేయకముందే లేచి పోయాడు. ముందు జరిగింది అతను పోవడం, కానీ హ్యాడ్ దానికి లేదు, రెండోదానికి ఉంది! ఇది పూర్తిగా సరైన వాక్యం. ఇక్కడ హ్యాడ్ చెప్పేది ముందు, వెనక కాదు, పని పూర్తయిందా లేదా అన్నది. పూర్తి కాకముందే అని మనం అనేటప్పుడు ఆ "పూర్తి" మీద ఎంత బరువు వేస్తామో, ఇంగ్లిష్ ఆ బరువును హ్యాడ్ మీద వేస్తుంది.

అపోహ: హ్యాడ్ పక్కన యెస్టర్డే, సిక్స్ ఓ క్లాక్ లాంటి టైమ్ రాకూడదు.

వాస్తవం: ఆ నిషేధం హ్యావ్, హాజ్‌లది. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే" తప్పు. "వి అరైవ్డ్ ఎట్ సెవెన్, బట్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్ ఎట్ సిక్స్" మాత్రం కరెక్టే.

అపోహ: హ్యాడ్ హ్యాడ్ అని రెండుసార్లు వస్తే అచ్చుతప్పు.

వాస్తవం: కాదు. "వెన్ ఐ కాల్డ్, షి హ్యాడ్ హ్యాడ్ హర్ లంచ్." మొదటిది సహాయక క్రియ, రెండోది తినడం. అసలు అచ్చుతప్పు లాంటిది వేరే ఉంది, హ్యాడ్ వెంట్, హ్యాడ్ కేమ్, హ్యాడ్ రోట్. హ్యాడ్ తర్వాత ఎప్పుడూ మూడో రూపమే: గాన్, కమ్, రిటెన్. ఈ మూడూ రోజూ అయిదు నిమిషాలు పైకి చదవండి, నోటికి పట్టాలి తప్ప వేరే దారి లేదు.

అపోహ: హ్యాడ్ ఉందంటే ఆ పని నిజంగా జరిగిందన్నమాట.

వాస్తవం: "ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్, ఐ వుడ్ హ్యావ్ పాస్డ్." చదవలేదు, పాస్ కాలేదు. మనం "చదివి ఉంటే పాసయ్యేటోణ్ణి" అంటాం కదా, "చదివి ఉంటే" అంటే చదవలేదనే. అట్లాగే "ఐ హ్యాడ్ ప్లాన్డ్ టు కమ్ టు ద వెడ్డింగ్" అంటే "పెండ్లికి వద్దామనుకుంటి, రాలేకపోతి" అని వినేవాళ్లకు అర్థమైపోతుంది. ఎవరి పెండ్లికైనా పోలేకపోయి వాట్సాప్‌లో సారీ చెప్పాల్సి వస్తే ఈ వాక్యం వాడండి, వెనక బట్ పెట్టి కారణం రాయండి.